అమ్మకు రాని మూడో నంబరు ఇల్లు

పోర్త్‌వీన్,
సెప్టెంబర్ 13

ప్రియమైన అక్కా,

ఇల్లు అమ్మకానికి పెట్టేశాను. సోమవారం పొద్దున వచ్చి గుమ్మం ముందు బోర్డు పాతి వెళ్ళారు. ఫోన్ చేసి చెబుదామంటే నీకు వినపడదు. నేను అరిస్తే వీధి మొత్తానికి వినపడుతుంది. అందుకే ఎప్పట్లాగే ఉత్తరం.

నా మోకాళ్ళు ఇక ఈ మెట్లు ఎక్కనంటున్నాయి. ఇరవై రెండేళ్ళు బడి వంటగదిలో నిలబడి ఊరి పిల్లలందరికీ వడ్డించినందుకు నాకు మిగిలింది ఈ మోకాళ్ళే. నువ్వేమో తుంటి పట్టేసి కోవెంట్రీలో ఒంటరిగా మూలుగుతున్నావు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి నడిచినంత నడుస్తాం. వస్తాన్లే. జనవరిలోపే రావాలని ఎందుకంత పట్టుబడుతున్నావో తెలియదు కానీ, వస్తాను.

ఈ ఇల్లు అమ్మడం మామూలు ఇల్లు అమ్మినట్టు కాదు. ఇది కౌన్సిల్ రాయితీ ఇల్లు. బయట నూరు పలికితే నేను అరవైకి కొన్నాను, మళ్ళీ అదే లెక్కన అరవైకే అమ్మాలి. లండన్ దొర ఎవరైనా వచ్చి రెట్టింపు ఇస్తానన్నా కుదరదు. కొనేవాళ్ళు గత మూడేళ్ళూ పోర్త్‌వీన్‌లోనే ఉన్నట్టు కాగితాలు చూపించాలి. మధ్యలో ఆరు నెలలకు మించి ఊరు దాటితే పేరు కొట్టేస్తారు. పన్నెండు వారాల దాకా మా ఊరివాళ్ళకే అవకాశం. డిసెంబర్ 4 దాటాకే పక్క ఊళ్ళవాళ్ళు అడగొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు. ఒకే ఒక్క దరఖాస్తు వచ్చింది. ఎవరిదనుకున్నావ్? హెడ్లీ కర్నో మనవరాలిది!

అవును, ఆ కర్నోయే. ఊరి కౌన్సిల్ అధ్యక్షుడు, ఆ కుర్చీ తన తాతగారి ఆస్తి అన్నట్టు కూర్చున్నవాడు. నువ్వు మరిచిపోయి ఉంటావు. నేను మరవలేదు, అందుకని మళ్ళీ చెప్తాను. అమ్మ నలభై ఏళ్ళు అద్దెకున్న రేవు పక్క ఇంటిని ఖాళీ చేయించి, వేసవి అతిథులకి వారం లెక్కన ఇచ్చుకున్నది వీడే. సరే, అమ్మకి ఈ కొత్త రాయితీ ఇళ్ళలో మూడో నంబరు వస్తుందిలే అనుకున్నాం. నాన్న పడవ అమ్మిన డబ్బు సిద్ధంగా పెట్టుకుంది పాపం. ఆ ముందు సంవత్సరం నీ గుండె ఆపరేషన్‌కి వచ్చి నీ దగ్గర పదకొండు నెలలు ఉంది కదా, అది పట్టుకున్నారు. ఐవీ ఊరు వదిలి వెళ్ళిపోయిన మనిషి, స్థానికురాలు కాదు అని తేల్చారు. ఆ సంగతి పెద్ద కౌన్సిల్ దాకా మోసింది ఎవరు? ఊళ్ళో ఎవరెక్కడున్నారో రాసి పంపేది ఊరి అధ్యక్షుడు కాక ఇంకెవరు? డెబ్భై ఏళ్ళు సముద్రం చూస్తూ బతికిన మనిషి, కాంబోర్న్ పట్నంలో బట్టలుతికే దుకాణం మీది గదిలో, ఎదురింటి గోడ చూస్తూ పోయింది. ఆమె పోయిన ఏడాదికి ఇదే మూడో నంబరు మళ్ళీ అమ్మకానికొస్తే నేను కొన్నాను. పంతంతోనే కొన్నాను. అమ్మకి రానివ్వని ఇంట్లో వాడి మనవరాలు తెర వేసుకుంటుందా?

దేవుడు కాస్త ఆలస్యంగానైనా నా వైపు చూశాడు. ఆ పిల్ల టెగెన్‌కి వేసవి నెలలకి కాగితాలున్నాయట, పీతల పడవ మీద పనిచేస్తుంది కనక. గడిచిన రెండు చలికాలాలకి మాత్రం ఏమీ లేవు. నా పెరటి వెనక రెటాలిక్ పొలంలో చక్రాల మీది పాత కారవాన్ ఒకటి లేదూ, అందులో ఉంది. రెటాలిక్ అద్దె తీసుకోలేదు, రసీదు ఇవ్వలేదు, పోయిన ఏడాది ముసలాయనే పోయాడు. కొడుకు ఆస్ట్రేలియా నుంచి ఈ వసంతంలోనే వచ్చాడు. పిల్ల ఆ కారవాన్‌లో ఉందని చూసినదాన్ని ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే. ‘పొరుగువారి మాట’ అని దరఖాస్తులో ఒక గడి ఉంది. నేను అందులో ఒక్క వాక్యం రాయాలి, అంతే.

రాయను. పన్నెండు వారాలూ వాడు నా చుట్టూ తిరగాలి. నాలుగో తారీఖు దాటాక పక్క ఊరివాడికి అమ్ముతాను.

నీ చెల్లెలు
ఏవిస్


కోవెంట్రీ,
సెప్టెంబర్ 20

ప్రియమైన ఏవిస్,

నీ ఉత్తరం అందింది. బోర్డు పాతారన్న వార్త విని ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత రాసింది చదివాక మాత్రం నా బీపీ పెరిగింది.

నీకు చిన్నప్పటినుంచీ ఇదే జబ్బు. ఎవరైనా నీ కాలు తొక్కితే వాళ్ళ మనవల కాలు కూడా తొక్కేదాకా నిద్రపోవు. పద్నాలుగేళ్ళయింది ఏవిస్. అమ్మే ఏమీ అనలేదు. ఎవరు ఏం మోశారో, ఎందుకు మోశారో, ఆ రోజుల్లో అందరి తలకాయలూ వేడిగా ఉన్నాయి. ఆ పిల్ల కారవాన్‌లో ఉన్నది నిజమే కదా, నిజం రాసి పారెయ్. ఇల్లు త్వరగా అమ్ముడుపోతుంది, నువ్వు త్వరగా వస్తావు. పక్క ఊళ్ళవాళ్ళ దాకా పోతే ఫిబ్రవరి అవుతుంది. అప్పటిదాకా నేను ఆగలేను.

నీ గది సిద్ధం చేశాను. అమ్మ కుర్చీ కిటికీ దగ్గర వేయించాను. ఇక్కడ మెట్లు లేవు, బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. కింది అంతస్తు ఇల్లు ఎంత అదృష్టమో నీకు వచ్చాక తెలుస్తుంది.

ఒక్కటి అడగనా? అమ్మేవాళ్ళ కాగితాలు కూడా కౌన్సిల్ వాళ్ళు చూస్తారా, కొనేవాళ్ళవి మాత్రమేనా? ఊరికే అడుగుతున్నాను.

నీ అక్క
హేజెల్


పోర్త్‌వీన్,
అక్టోబర్ 18

అక్కా,

నా కడుపు ఇవాళ ఎంత చల్లగా ఉందో చెప్పలేను. మొన్న కర్నో నా గుమ్మం తొక్కాడు.

వాన పడుతోంది. చేతిలో కుంకుమపువ్వు బన్నుల సంచి, మీద తడిసిన కోటు, డెబ్భై ఆరేళ్ళ ముఖం. తలుపు సగమే తీశాను.

“లోపలికి రావచ్చా ఏవిస్?” అన్నాడు.

“అక్కడే బాగుంది కర్నో గారూ. కాళ్ళు తుడుచుకోవడానికి పట్టా కూడా ఉంది.”

“టెగెన్ సంగతి...”

“ఏ టెగెన్?”

“నీకు తెలుసు. రెండు చలికాలాలు నీ పెరటి వెనకే ఉంది. నువ్వు కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు.”

“నా కిటికీకి తెరలున్నాయండీ. అయినా మీ ఇంట్లో ఆరు గదులున్నాయి కదా, సొంత మనవరాలు పొలంలో డబ్బాలో ఎందుకుంది?”

బన్నుల సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. గదులన్నీ అతిథులకి ఇచ్చాడట, అటక గదితో సహా. పిల్ల అందుకే గొడవపడి వెళ్ళిపోయిందట. నాకు నవ్వాగలేదు. వాడి నోటినుంచే ఆ మాట రప్పించాను, ఈ సంవత్సరానికి అది చాలు అనిపించింది.

“ఒక్క వాక్యం రాయమ్మా,” అన్నాడు. అమ్మా అన్నాడు! కాళ్ళబేరానికి వచ్చాడన్నమాట.

“మా అమ్మకీ అప్పుడు ఒక్క వాక్యమే కావలసి వచ్చింది,” అన్నాను. “ఐవీ ఊరు వదల్లేదు, కూతురికి జబ్బు చేస్తే చూసుకోవడానికి వెళ్ళింది అని. మీ కలంలో సిరా లేదప్పుడు.”

వాడి ముఖం ఒక రకంగా అయింది. సిగ్గు కాదు, అలసట లాంటిది. బన్నుల సంచి గుమ్మం మీద పెట్టి, “ఆ సంగతి మీ అక్కని ఎప్పుడైనా అడిగావా?” అని వెళ్ళిపోయాడు.

అడుగుతున్నాను. నిన్నేం అడగాలట? ఎదుటివాడి మీదికి నెట్టడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య అనుకో. బన్నులు సీగల్ పక్షులకి వేశాను. రెండు తిన్నాను కూడా, నిజం చెప్పాలంటే.

మర్నాడు ఆ పిల్ల వచ్చింది. పోయిన చలికాలం నా దగ్గర పట్టుకెళ్ళిన గిన్నె తోమి తెచ్చింది. అందులో రెండు పీతలు. “మీకు రాయాలని లేకపోతే రాయకండి ఆంటీ. తాతయ్యకీ మీకూ ఏముందో నాకు తెలియదు. కానీ ఎవరైనా అడిగితే నేను అక్కడ లేను అని మాత్రం అనకండి. ఉన్నాను కదా,” అంది. చేతులు చూశావా అక్కా, ఉప్పునీళ్ళకి పగిలి, నాన్న చేతుల్లా ఉన్నాయి. నాకు కాస్త ఇబ్బందిగానే అనిపించింది. పీతలు తీసుకుని తలుపు వేసేశాను.

రాయను. పంట కోతల విందులో వాడికి ఏటా ఏం వడ్డిస్తానో నీకు చెప్పానా? పన్నెండేళ్ళుగా, అందరి పేస్టీ మడతల్లో మాంసం, వాడి దాంట్లో మాత్రం టర్నిప్ ముక్కలు. వాడు ఒక్కసారి కూడా నోరెత్తలేదు. ఈ నెల విందులో కూడా అదే పెట్టాను.

ఏవిస్


కోవెంట్రీ,
అక్టోబర్ 27

ఏవిస్,

ఆ ముసలివాడు ఏదో వాగాడని నన్నెందుకు లాగుతావు? వాడికి నేనంటే మొదటినుంచీ పడదు. అలాంటివాడి మాట పట్టుకుని నన్ను అడగడానికి నీకు మనసెలా వచ్చింది?

నేను చెప్పేది విను. ఆ పిల్లకి రాసిచ్చెయ్. నువ్వే రాశావు, చేతులు నాన్న చేతుల్లా ఉన్నాయని. ఇంకెందుకు ఆలస్యం? నాకు అసలు నిద్ర పట్టడం లేదు. జనవరి పద్నాలుగున వాళ్ళు గది చూడటానికి వచ్చేసరికి నువ్వు ఇక్కడ ఉండాలి, నీ బట్టలు బీరువాలో ఉండాలి. అంతకుముందే వస్తే ఇంకా మంచిది.

తుంటి నొప్పి ఎక్కువైంది. పొడుగ్గా రాయలేను.

హేజెల్


పోర్త్‌వీన్,
నవంబర్ 16

హేజెల్‌కి,

గది చూడటానికి ఎవరొస్తారు? నా బట్టలు బీరువాలో ఎందుకుండాలి? ఇది నిన్నే అడగాలనుకుంటూ ఉండగానే, నువ్వు చెప్పనక్కరలేకుండా ఇక్కడి కౌన్సిలే చెప్పింది.

నిన్న ఉత్తరం వచ్చింది. నువ్వు అడిగావు కదా ఊరికే, అమ్మేవాళ్ళ కాగితాలు కూడా చూస్తారా అని. చూస్తారు. రాయితీ ఇల్లు కొన్నవాళ్ళు అందులోనే కాపురముండాలి, మరోచోట ఇల్లు ఉండకూడదు. అమ్మేముందు అది సరిచూస్తారు. ఏవిస్ అనే నేను పన్నెండేళ్ళుగా కోవెంట్రీలో అక్క హేజెల్‌తో కలిసి, కింది అంతస్తులో, రెండో పడగ్గదిలో నివసిస్తున్నట్టు అక్కడి కాగితాల్లో ఉందట. సంజాయిషీ ఇవ్వమన్నారు. అప్పటిదాకా అమ్మకం ఆగింది. తప్పు తేలితే ఇల్లు నా చేతిలోంచి పోతుంది, అది వేరే విషయం.

నేను పోర్త్‌వీన్‌లోనే ఉన్నానని ఎవరు సంతకం చెయ్యాలో తెలుసా? ఊరి కౌన్సిల్ అధ్యక్షుడు. కర్నో!

పన్నెండేళ్ళు వాడికి టర్నిప్ తినిపించాను. ఇప్పుడు వాడి గుమ్మం ముందు నేను నిలబడాలి. ఇది ఏదో గుమస్తా పొరపాటు అని రాయి. ఒక్క వాక్యం రాయి. నమ్ముతాను.

ఏవిస్


కోవెంట్రీ,
నవంబర్ 23

ఏవిస్,

పొరపాటు కాదు.

మూడుసార్లు రాసి చించేశాను. ఇప్పుడు చించను.

నా గుండె ఆపరేషన్ అయ్యాక నన్ను నాలుగో అంతస్తుకి పంపించారు. లిఫ్టు నెలలో ఇరవై రోజులు పనిచేసేది కాదు. అమ్మ నన్ను మెట్ల మీద ఒక్కో అంతస్తుకీ కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, మళ్ళీ లేపేది. డెబ్భై ఏళ్ళ మనిషి. కింది అంతస్తు ఇళ్ళన్నీ రెండు గదులవే, ఇద్దరు మనుషులుంటేనే ఇస్తారు. అప్పుడు రాశాను. మా అమ్మ ఐవీ నాతో ఉండటానికి శాశ్వతంగా వచ్చేసింది, పోర్త్‌వీన్‌కి తిరిగి వెళ్ళదు అని. అమ్మకి చెప్పలేదు. సంతకం నేనే పెట్టాను. ఇల్లు ఇచ్చారు. అమ్మ ఆ ఇంట్లో నెలన్నర ఉండి, నేను లేచి తిరుగుతున్నానని నమ్మకం కలిగాక వెళ్ళిపోయింది, తన మూడో నంబరు కోసం.

అక్కడి కౌన్సిల్ ఇక్కడివాళ్ళని అడిగితే, ఇక్కడివాళ్ళు నా ఉత్తరం నకలు పంపించారు. కర్నో మోయలేదు ఏవిస్. నా ఉత్తరమే అమ్మని ఊరినించి తీసేసింది. నేను అబద్ధం రాశానని వెంటనే ఒప్పుకుని ఉంటే అమ్మకి ఇల్లు వచ్చేది, నాది పోయేది. నేను ఒప్పుకోలేదు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నాను. అమ్మకి తెలుసు. కాంబోర్న్ నుంచి ఫోన్ చేసి, “నీ గుండెకి మెట్లు మంచివి కావులే, ఊరుకో. ఏవిస్‌కి మాత్రం తెలియనివ్వకు,” అంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

అమ్మ పోయాక ఇద్దరు మనుషులు కావాలి కదా. నీ పేరు రాశాను. ఏటా రాస్తున్నాను. ఈసారి కాగితం చాలదట, జనవరి పద్నాలుగున మనిషే వచ్చి చూస్తాడట. అందుకే రమ్మన్నాను. నువ్వంటే బెంగ కూడా ఉంది, అది అబద్ధం కాదు. కానీ ఏది ముందో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

తిట్టు. నువ్వు ఎంత తిట్టినా వింటాను. వచ్చి తిట్టు.

హేజెల్


పోర్త్‌వీన్,
డిసెంబర్ 6

హేజెల్‌కి,

తిట్టను. తిట్టి నీకు హాయి చేకూర్చే ఉద్దేశం నాకు లేదు.

శనివారం కర్నో ఇంటికి వెళ్ళాను. రెండు రోజులే గడువు మిగిలింది. తలుపు తీసి, నన్ను చూసి, పూర్తిగా తెరిచాడు. నేను సగమే తెరిచానని గుర్తు చెయ్యకుండా ఉండగలిగాడు, దానికి నాకు ఇంకా మండింది. వంటగదిలో బిస్కెట్ల డబ్బాలోంచి పెద్ద కౌన్సిల్ పంపిన పాత నకలు తీసి బల్ల మీద పెట్టాడు. నీ దస్తూరి. ‘పోర్త్‌వీన్‌కి తిరిగి వెళ్ళదు.’ కింద అమ్మ సంతకం, నువ్వు పెట్టింది. అమ్మ ‘ఐ’ అక్షరం మీద గీత ఎప్పుడూ వంకరగా ఉండేది. నువ్వు నిటారుగా గీశావు.

“పద్నాలుగేళ్ళు ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“మీ అమ్మ ఈ కుర్చీలోనే కూర్చుని అడిగింది. నా ఇద్దరు పిల్లలూ ఒకళ్ళ పీక ఒకళ్ళు పిసుక్కుంటారు హెడ్లీ, నువ్వైతే ఎలాగూ చెడ్డవాడివే కదా, ఇంకొంచెం చెడ్డవాడివైతే ఏం పోయింది అంది.” కాగితం అంచులు సరిచేస్తూ, “ఇల్లు ఖాళీ చేయించింది నేనే కదా. కాదనలేకపోయాను,” అన్నాడు.

“మరి ఆ టర్నిప్?”

“మొదటి రెండేళ్ళు కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ మింగేశాను. వాడి ముందు ఏడవడానికి నేను పుట్టలేదు. కాగితాలు తీశాం. వాడు నా గురించి రాశాడు: ఏవిస్ ఈ ఊరు విడిచి ఏనాడూ ఉండలేదు. నేను టెగెన్ గురించి రాశాను: గడిచిన రెండు చలికాలాలూ ఈమె నా పెరటి వెనక కారవాన్‌లో ఉంది, పొద్దున్నే దీపం వెలగడం నేను చూశాను. ఒకే కలంతో సంతకాలు చేశాం. సోమవారం, ఆఖరి రోజు, టెగెనే తీసుకెళ్ళి కౌన్సిల్‌లో ఇచ్చింది. ఆమోదించారు. నా సంజాయిషీ కూడా ఒప్పుకున్నారు. నీ పేరు చెప్పక తప్పలేదు, చెప్పాను.

కర్నోని వదిలేశాననుకోకు. కాగితం మడుస్తూ, “ఇంకొకటుంది,” అన్నాను. “రేవు పక్క మా అమ్మ ఇంటికి ‘సీగల్ విశ్రాంతి’ అని నీలంరంగు బోర్డు పెట్టావు. అది పీకెయ్. రాతి పలక మీద ‘ఐవీ ఇల్లు’ అని చెక్కించి పెట్టు. వచ్చిన ప్రతి అతిథీ ఐవీ ఎవరు అని అడగాలి. నువ్వు ప్రతిసారీ చెప్పాలి, నలభై ఏళ్ళున్న మనిషిని ఎలా పంపించావో.” ముఖం మాడ్చుకున్నాడు. మూడు రోజుల్లో చెక్కించి నిన్న పలక పెట్టాడు. వచ్చే ఏడాది విందులో కూడా టర్నిప్పే పెడతాను, అది ఇంటి కోసం. కాగితం కోసం పెట్టిన పన్నెండేళ్ళ టర్నిప్ మాత్రం నీకు పెట్టవలసింది.

మూడో నంబరు టెగెన్‌కి వెళ్తుంది, జనవరి చివర్లో. నేను కోవెంట్రీ రాను. అమ్మ పేరు మీద సంపాదించిన గదిలో, నా పేరు మీద నిలబెట్టుకున్న గదిలో, నేను ఒక్క రోజు కూడా పడుకోను. టెగెన్ ఖాళీ చేసే కారవాన్‌లోకి నేను వెళ్తున్నాను. మెట్లు లేవు. రెటాలిక్ కొడుకు పొయ్యి బాగుచేయిస్తానన్నాడు, ఈసారి రసీదు రాయించుకున్నాను. చర్చి వెనక ఒంటి అంతస్తు రాయితీ ఇళ్ళు రెండేళ్ళలో కడతారట, జాబితాలో పేరిచ్చాను. అప్పుడు పొరుగువారి మాట కావలసి వస్తే టెగెన్ రాస్తుంది. కారవాన్ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు.

లోపల ఇంకో కవరు ఉంది. మీ కౌన్సిల్ పేరు, చిరునామా రాసే ఉన్నాయి. అంటించలేదు, చదువుకో. ‘ఏవిస్ అనే నేను ఈ ఇంట్లో ఏనాడూ నివసించలేదు. మా అమ్మ ఐవీ పన్నెండేళ్ళ క్రితం చనిపోయింది. ఆ ఇంట్లో ఉంటున్నది మా అక్క ఒక్కతే.’ ఒక్క అబద్ధం లేదు. సంతకం నాదే, నేనే పెట్టాను.

నేనే పోస్టు చేసి ఉండేదాన్ని, నా చెయ్యి దురద పెట్టింది కూడా. కానీ అమ్మని ఊళ్ళోంచి తీసేసిన ఉత్తరం నీ చేత్తో డబ్బాలో వేశావు. ఇదీ నీ చేత్తోనే వెయ్యాలి. స్టాంపు అంటించలేదు. నకలు ఉంచుకోలేదు. వెయ్యకపోతే నాకు తెలియదు, నేను అడగను. నిన్ను ఇక ఏమీ అడగను.

ఏవిస్


కోవెంట్రీ,
జనవరి 20

ఏవిస్,

నీ కవరు నాలుగు వారాలు గడియారం వెనక పెట్టాను. క్రిస్మస్‌నాడు పొయ్యిలో వేద్దామని తీశాను. నువ్వు సంతకంలో అమ్మలాగే వంకర గీత గీశావు. వెయ్యలేకపోయాను.

ఐదో తారీఖున కర్ర పట్టుకుని వీధి చివర డబ్బా దాకా నడిచాను. నలభై నిమిషాలు పట్టింది. త్వరగా వెళ్ళే స్టాంపే అంటించాను, మళ్ళీ మనసు మార్చుకునే వీలు లేకుండా. పద్నాలుగున వచ్చినతను నీ ఉత్తరం చేతిలో పట్టుకునే వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. అంతా ఒప్పుకున్నాను. మార్చిలోగా ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఒంటి గది ఇస్తారట, మూడో అంతస్తు. లిఫ్టు ఉందన్నాడు. ఉందనే అంటారు.

సామానంతా అక్కడ పట్టదు. అమ్మ కుర్చీ నీకు రావాలి. కారవాన్‌లో పడుతుందో లేదో కొలిచి చెప్పు. వెడల్పు రెండడుగుల మూడంగుళాలు, వీపు ఎత్తు మూడున్నర అడుగులు. సామాను బండివాడు పోర్త్‌వీన్ దాకా వస్తానన్నాడు. ముందు సీట్లో ఇంకొకరికి చోటుందట. మెట్లెక్కే దానికన్నా కొన్నాళ్ళు... నువ్వు ఊఁ అంటే కుర్చీతోపాటు నేను కూడా వస్తాను ఏవిస్.

నీ అక్క
హేజెల్


పోర్త్‌వీన్, రెటాలిక్ పొలం,
ఫిబ్రవరి 2

హేజెల్‌కి,

కొలిచాను. కిటికీ కింద సరిగ్గా పడుతుంది.

కుర్చీ ఒక్కటే పంపు.

ఏవిస్